భయానక పాత్రధారణ క్రీడల సినారియోలు: ‘అభిమానుల రాతలు’ అన్న వాదానికి ఖండన

టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ క్రీడల కోసం ఆటగాళ్లే రాసుకొని తమలో తాము పంచుకొనే భయానక సినారియోలను రచనలుగా గుర్తించడానికి సాహిత్య విమర్శ ఇప్పటికీ వెనుకాడుతున్నది. వీటి విషయంలో వినవచ్చే అభ్యంతరాలు ప్రధానంగా రెండు. ఇవి ఆట ఆడించడానికి పనికివచ్చే సూచనల పత్రాలే కాని సాహిత్యం కాదన్నది మొదటిది. సాహిత్యమే అనుకున్నా, ప్రచురణ సంస్థ వెలువరించిన మూలగ్రంథానికి అభిమానులు చేసిన అనుకరణలు కనుక పరిశీలనార్హం కావన్నది రెండవది. మొదటిది కావ్యశాస్త్రాన్ని పక్కకు నెట్టి చేసిన వాదం. రెండవది చరిత్రను పక్కకు నెట్టి చేసినది. రెండింటిలోనూ సమానంగా కనబడే లోపం, ఆక్షేపిస్తున్న రచనలను చదవకపోవడం.

ఈ క్రీడల స్వరూపాన్ని కొంత వివరించడం అవసరం. నలుగురైదుగురు కూర్చుంటారు. వారిలో ఒకరు నిర్వాహకులు. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేస్తుందో, ఏమంటుందో నోటితో చెబుతారు. ఫలితం అనిశ్చితమైన చోట పాచికలు వేస్తారు. 1981లో కేయాసియమ్ సంస్థ ప్రచురించిన, శాండీ పీటర్సన్ రూపొందించిన ‘కాల్ ఆఫ్ క్తులూ’ ఈ పద్ధతిని భయానక కథావస్తువుకు స్థిరంగా అన్వయించింది. అందులోని పాత్రలు వీరులు కారు. ఆచార్యులు, విలేకరులు, వైద్యులు. వారి మనోస్థైర్యం ఒక అంకెగా కాగితం మీద ఉంటుంది. చూడరానిది చూసినప్పుడల్లా ఆ అంకె తరుగుతుంది. ఇక సినారియో అంటే, ఒక సాయంత్రం ఆడబోయే కథకు కావలసిన స్థలాలు, మనుషులు, రహస్యాలు, ఆధారాలు పొందుపరచిన లిఖిత రచన. దానిని నిర్వాహకులు ముందుగా చదువుతారు. మిగిలినవారు చదవకూడదు. ఈ చివరి నియమానికి విమర్శ పరంగా ఉన్న ప్రాముఖ్యం తరువాత తేలుతుంది.

రెండవ అభ్యంతరాన్ని ముందుగా తీసుకోవచ్చు. ‘కాల్ ఆఫ్ క్తులూ’కు ఆధారం అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890-1937) కథలు. ఆ పేరుగల కథ 1928లో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో అచ్చయింది. అయితే ఆ కథాలోకం ఏనాడూ ఒక్కరి సొత్తుగా లేదు. క్లార్క్ ఆష్టన్ స్మిత్, రాబర్ట్ ఇ. హోవర్డ్, రాబర్ట్ బ్లాక్ వంటివారు ఒకరు కల్పించిన గ్రంథాలను, దేవతలను మరొకరు తమ కథలలో వాడుకున్నారు. 1935లో బ్లాక్ తన ‘ద షాంబ్లర్ ఫ్రమ్ ద స్టార్స్’ కథలో లవ్‌క్రాఫ్ట్‌ను పోలిన పాత్రను చంపాడు. అందుకు లవ్‌క్రాఫ్ట్ పరిహాసంగా ఒక అనుమతిపత్రం రాసి ఇచ్చాడు. సాక్షులుగా కల్పిత పాత్రల పేర్లు చేర్చాడు. మరుసటి సంవత్సరం వెలువడిన ‘ద హాంటర్ ఆఫ్ ద డార్క్’లో బ్లాక్‌ను పోలిన పాత్రను చంపి బదులు తీర్చుకున్నాడు. అంటే ‘మూలం’ అని దేనిని చూపి ఆటగాళ్ల రచనలను అనుకరణలంటున్నారో, ఆ మూలమే మిత్రుల మధ్య పంచుకున్న, ఒకరి రాతపై మరొకరు రాసుకున్న సమష్టి కల్పన. తెలుగు సాహిత్య విద్యార్థికి ఇది వింతగా తోచనవసరం లేదు. అరణ్యపర్వశేషాన్ని పూరించిన ఎఱ్ఱన నన్నయ ఫణితిని అనుసరించి, ఆ భాగాన్ని రాజరాజనరేంద్రునికే అంకితంగా నిలిపాడు. అది అనుకరణ కనుక చదవనక్కరలేదనే విమర్శకుడు కనబడడు. పోలికను ఇంతకు మించి సాగదీయడం తగదు. ఒకరి రచనను మరొకరు కొనసాగించడమే దోషమన్న సూత్రం మన సంప్రదాయంలో నిలవదని చెప్పడానికి ఇది చాలు.

క్రీడా చరిత్ర ఈ విషయాన్ని మరింత స్పష్టంగా చెబుతుంది. జాన్ టైన్స్ 1990లో మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో పేగన్ పబ్లిషింగ్ పేరిట ‘ది అన్‌స్పీకబుల్ ఓత్’ అనే చిన్న పత్రికను ప్రారంభించాడు. అది ‘కాల్ ఆఫ్ క్తులూ’ ఆడేవారు ఆడేవారి కోసం నడిపిన పత్రిక. 1992లో వచ్చిన దాని ఏడవ సంచికలో ‘కన్వర్జెన్స్’ అనే సినారియో అచ్చయింది. టెనెసీలోని ఒక చిన్న ఊరు, అక్కడికి వెళ్లిన ప్రభుత్వ ఉద్యోగులు, వారు అధికారికంగా ఉనికిలో లేని ఒక ముఠాకు చెందినవారు కావడం - ఇదీ వస్తువు. ‘డెల్టా గ్రీన్’ అన్న పేరు మొదట వినబడింది ఇక్కడే. ‘ది ఎక్స్-ఫైల్స్’ టెలివిజన్ ధారావాహిక ప్రసారం కావడానికి ఇంకా ఒక సంవత్సరం ఉంది. ఆ ఒక్క సినారియో నుంచి 1997లో పూర్తి గ్రంథం, 2016 నుంచి ఆర్క్ డ్రీమ్ సంస్థ ప్రచురణలో స్వతంత్రమైన క్రీడ పుట్టాయి. 1920ల నాటి పురాతన గృహాలలో చిక్కుకున్న భయాన్ని సమకాలీన ప్రభుత్వ కార్యాలయంలోకి, అబద్ధపు నివేదికలలోకి, చెడిపోయిన కుటుంబ సంబంధాలలోకి తెచ్చినది మూలగ్రంథ ప్రచురణకర్త కాదు. ఒక చిన్న పత్రిక.

అధికారిక రచనల ఔన్నత్యానికి ఉదాహరణగా తరచు చూపే ‘మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్’ (1984, లారీ డిటిలియో) సంగతి కూడా ఇంతే. అది నిస్సందేహంగా గొప్ప రచన. కాని ఖండాంతరాలు దాటే ఆ కథను నడపడానికి కావలసిన చారిత్రక వివరాలు, ఉపకథలు, పాత్రల నేపథ్యాలు కూర్చి ఒక బృహత్తరమైన సహాయగ్రంథాన్ని తయారు చేసింది దానిని ఆడిన అభిమానులే. వ్యాఖ్యానంతో కూడిన ప్రతి ఎక్కడ ఉంటే అక్కడ పాఠకసమాజం ఉందని కావ్య పరిశోధకులు ఒప్పుకుంటారు. వ్యాఖ్యాతలకు పాండిత్య బిరుదులు లేనంత మాత్రాన ఇక్కడ ఆ సూత్రం మారదు.

ఇక మొదటి అభ్యంతరం. సినారియోలో కథ పూర్తిగా ఉండదు, వర్ణన ఉండదు, పాత్రల మనోభావాలు ఉండవు. కాబట్టి అది సాహిత్యం కాదు అంటారు. నవలకు పెట్టిన కొలబద్దను తెచ్చి ఇక్కడ పెట్టడం వల్ల వచ్చిన ఫలితం ఇది. వేరే కొలబద్ద కావాలంటే దూరం పోనక్కరలేదు. భయానక రసానికి స్థాయి భయం. అది విభావ అనుభావ వ్యభిచారి సంయోగం వల్ల నిష్పన్నమవుతుందని నాట్యశాస్త్రం. నవలా రచయిత ఈ మూడింటినీ తానే రాస్తాడు. నాటక రచయిత అనుభావాలను కొంతవరకు నటునికి వదులుతాడు. సినారియో రచయిత రాయగలిగినవి విభావాలు మాత్రమే. భయకారణమైన ఆలంబనం, దానిని రగిలించే ఉద్దీపనలు - స్థలం, కాలం, శబ్దం, వాసన, లేని వస్తువు జాడ - ఇవి అతని పరిధి. వణుకు, పలాయనం, మాట తడబడటం, దిగ్భ్రమ, మరణం ఆటగాళ్లవి. వాటిని రచయిత రాసేస్తే ఆటగాడికి మిగిలేది ఏమీ లేదు.

ఈ దృష్టితో చూస్తే మంచి సినారియోను చెడ్డదాని నుంచి వేరు చేయడం సాధ్యమే. ‘గదిలోకి అడుగుపెట్టగానే మీ వెన్నులో చలి పాకుతుంది’ అని నిర్వాహకుని చేత చదివించే రచన, మమ్మటుడు రసదోషాలలో చేర్చిన స్వశబ్దవాచ్యతకు చక్కని ఉదాహరణ. భయాన్ని భయమని పేరుపెట్టి చెప్పడం వల్ల భయం పుట్టదు. పైగా ఆ వెన్ను ఆటగాడిది, రచయితది కాదు. అదే రచయిత ‘మెట్ల మీద తడి పాదముద్రలు కిందికి దిగాయి, పైకి ఎక్కినవి లేవు’ అని రాసి ఊరుకుంటే అది విభావం. టేబుల్ దగ్గర నిశ్శబ్దం దానంతట అదే వస్తుంది. గంభీరమైన గట్టి అట్టల గ్రంథాలలో, చదివి వినిపించమని గళ్లలో కట్టి ఇచ్చే పేరాలలో, మొదటి రకం వాక్యాలు చాలా తరచుగా ఎదురవుతాయి. పుట నింపవలసిన అవసరం వాటిని రాయిస్తుంది.

ఆటగాళ్ల రచనలకు ఆ అవసరం లేదు. డెల్టా గ్రీన్ అభిమానులు ఏటా పోటీగా రాసుకొనే ‘షాట్‌గన్ సినారియో’లకు పరిమితి 1500 పదాలు. ఆ హద్దులో ఊరిని, నేరాన్ని, దాని వెనుక ఉన్న అమానుషత్వాన్ని, దానిని కప్పిపుచ్చడానికి చెల్లించవలసిన మూల్యాన్ని ఇమడ్చాలి. అందులో వర్ణనకు చోటు లేదు. మంచి షాట్‌గన్ సినారియోలో ప్రతి వాక్యమూ ఒక ఉద్దీపనగానో, ఒక ఎంపికగానో పనిచేస్తుంది. పని చేయని వాక్యం ముందుగానే కొట్టివేతకు గురవుతుంది. ముక్తకం రాయడంలోని క్రమశిక్షణ తెలిసిన పాఠకులకు దీని విలువ చెప్పనక్కరలేదు.

అంతరిక్ష నౌకలలో, గనులలో జరిగే భయానక క్రీడ ‘మదర్‌షిప్’ (2018, షాన్ మెకాయ్) ఈ సంక్షిప్తతను ఒక ముద్రణా రూపంగానే మార్చింది. ఒక కాగితం, మూడు మడతలు, ఆరు గళ్లు: ఇదే ఒక సినారియో. డి.జి. చాప్‌మన్ రాసిన ‘ద హాంటింగ్ ఆఫ్ ఇప్సిలాన్ 14’ అలాంటిదే. ఒక గ్రహశకలం మీది గని, పనివారి పేర్ల పట్టిక, గదుల పటం, ప్రిన్స్ అనే ఒక పిల్లి, కంటికి కనబడనిది ఒకటి. పనివారి జీవిత చరిత్రలు ఇందులో లేవని ఆక్షేపించేవారు ఆ పట్టిక చేసే పనిని గమనించలేదు. పేర్లు ఒక్కొక్కటే కొట్టివేతకు గురికావడం నిర్వాహకుని చేతిలోని పెన్సిలుతో జరుగుతుంది. ఈ సినారియోను సంస్థే ప్రచురించింది. అయితే ఎవరైనా రుసుము లేకుండా తమ రచనలను అచ్చువేసుకొని అమ్ముకోవచ్చునని ఆ సంస్థ అనుమతించడంతో, ఈ మడతల రూపాన్ని అందుకొని బయటివారు రాసినవి కుప్పలుగా వచ్చాయి. ఇదే క్రీడకు సంబంధించిన మరొక విషయం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. దాక్కోవడమనే నైపుణ్యం దాని నియమావళిలో లేదు. అది మరపు కాదు, రూపకర్త బుద్ధిపూర్వకంగా విడిచిపెట్టినది. అంకె ఉంటే ఆటగాడు పాచిక వేసి ఊరుకుంటాడు. అంకె లేనప్పుడు ఎక్కడ, ఎలా, ఊపిరి ఎంతసేపు బిగబట్టి దాక్కుంటాడో నోటితో చెప్పవలసి వస్తుంది. లోపంగా కనిపించే ఖాళీయే ఇక్కడ రచన.

ముగింపు లేకపోవడం సినారియోకు లోపమన్న వాదానికి సమాధానం ముగింపు ముందే తెలిసిన రచనలలో దొరుకుతుంది. స్టీఫెన్ డ్యూయీ ‘టెన్ క్యాండిల్స్’ (2015)లో పాత్రలన్నీ చనిపోతాయి. అది రహస్యం కాదు, నియమం. పది కొవ్వొత్తులు వెలిగించి ఆడుతారు. ఒక్కొక్కటి ఆరినప్పుడల్లా ఒక రంగం ముగుస్తుంది. ఆట మొదట్లో ప్రతి ఆటగాడూ తన పాత్ర గొంతుతో చివరి సందేశాన్ని ధ్వనిముద్రణ చేస్తాడు. అన్ని కొవ్వొత్తులూ ఆరిన తరువాత, చీకటిలో, ఆ మాటలు వినిపిస్తారు. రసానుభవానికి ఉత్కంఠ అవసరం లేదని, తెలిసిన కథే పదే పదే రసమిస్తుందని ఆలంకారికులు ఏనాడో అంగీకరించారు. కాని ఇక్కడ వారు చూడని చిక్కు ఒకటి ఉంది. భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు సంస్కరించిన సాధారణీకరణ సిద్ధాంతం సామాజికుని, నటుని వేరుగా ఉంచి ఆలోచించినది. ఈ క్రీడలో ఇద్దరూ ఒక్కరే. తలుపు తెరిచినది ఆ పాత్ర, తెరవమన్నది ఆటగాడు. భయానికి తోడు బాధ్యత కూడా చేరుతుంది. రససిద్ధాంతంపై ఏటా వెలువడే పునశ్చరణ వ్యాసాలలో ఒక్కటైనా ఈ కొత్త స్థితిని ఎదుర్కోవడానికి ప్రయత్నిస్తే శాస్త్రానికి మేలు.

జపాన్‌లో ‘కాల్ ఆఫ్ క్తులూ’ను ఆదరించే సమూహం చాలా పెద్దది. వారు ఆడేవాటిలో అధిక భాగం ఆటగాళ్లు రాసి అంతర్జాలంలో పంచుకొన్న సినారియోలే. ‘దొకుయిరి సూపు’, అంటే ‘విషం కలిపిన సూపు’ అన్నది వాటిలో అందరికీ తెలిసిన పేరు. తెలియని గదిలో పాత్రలు కళ్లు తెరుస్తాయి, చుట్టూ నాలుగు గదులు, ఎదురుగా ఒక పళ్లెంలో సూపు, గంట గడువు. పాత్రల పూర్వచరిత్ర అక్కర లేదు, లవ్‌క్రాఫ్ట్ చదివి ఉండనక్కర లేదు, పటం అరచేతిలో గీయవచ్చు. కొత్తవారిని ఈ క్రీడలోకి తీసుకువచ్చిన ద్వారంగా ఆ సమూహం దీనిని గుర్తుచేసుకుంటుంది. దీని పరిష్కారాన్ని ఈ వ్యాసంలో వెల్లడించడం లేదు. అది మొహమాటం కాదు, పద్ధతికి సంబంధించిన ప్రశ్న.

జపాన్ ఆటగాళ్లు ఒక సినారియోను ఆడి ముగించడాన్ని ‘త్సూకా’ అంటారు. ఒక చోటి గుండా దాటి రావడమని ఆ మాటకు అర్థం. దాటినవారు దాటనివారి ఎదుట దాని లోపలి సంగతులు మాట్లాడకూడదన్నది అక్కడ గట్టిగా పాటించే మర్యాద. ఒక్కో పాత్రకు విడిగా అందే రహస్య పత్రాలున్న సినారియోలలో ఈ జాగ్రత్త మరింత ఎక్కువ. పర్యవసానం ఏమిటంటే, ఈ రచనల గురించి బహిరంగ విమర్శ దాదాపు పుట్టదు. ప్రశంస ఉంటుంది, ఆడినవారి బొమ్మలు ఉంటాయి, పాఠం గురించి మౌనం ఉంటుంది. బయటినుంచి చూసినవారు ఈ మౌనాన్ని ‘చర్చించడానికి అందులో ఏమీ లేదు’ అన్నదానికి రుజువుగా తీసుకుంటున్నారు. చదివిన మరుక్షణం ఆడే అర్హతను పాఠకుడు కోల్పోయే రచన ఇది. అలాంటి పాఠానికి ఉదాహరణలిచ్చి వివరించే విమర్శ ఎక్కడ జరగాలి? ఆటగాళ్ల మధ్య జరిగితే ఆట చెడుతుంది. చదవబోయేది ఏమిటో తెలిసి చదివే పరిశోధన పత్రికలలోనే అది జరగడానికి వీలుంది. వీటిని పరిశీలనార్హం కావని తోసిపుచ్చుతున్న చోటే ఆ పని జరగవలసి ఉండటం విడ్డూరం.

ఆటగాళ్లు రాసినవన్నీ మంచివని ఎవరూ అనరు. గదుల సంఖ్యను భయంగా పొరబడినవి, ఖలనాయకుని దినచర్య పుస్తకంలో కథనంతా కుక్కినవి, రచయిత ఒక్కసారైనా ఆడించి చూడలేదని తెలిసిపోయేవి ఎన్నో ఉన్నాయి. ప్రబంధయుగంలోనూ క్షీణకావ్యాల సంఖ్యే ఎక్కువ. ప్రక్రియను అంచనా వేసేది వాటితో కాదు.

మరింత బరువైన ప్రశ్న లవ్‌క్రాఫ్ట్ జాతివివక్షది. ‘ద హారర్ ఎట్ రెడ్ హుక్’ (1927) వంటి కథలలో వలస వచ్చినవారి ముఖాలే భయానికి ఆలంబనం. ఆ లోకంలో ఆడే క్రీడ ఆ ఆలంబనాన్ని తెలియకుండానే మోసుకువస్తుంది. దీనిని నేరుగా ఎదుర్కొన్న గ్రంథం మూలప్రచురణ సంస్థ నుంచి రాలేదు. క్రిస్ స్పైవీ 2017లో తన సొంత చిన్న సంస్థ ద్వారా ‘హార్లెమ్ అన్‌బౌండ్’ వెలువరించాడు. 1920ల హార్లెమ్ పునరుజ్జీవనం దాని రంగం. నల్లజాతి కవులు, సంగీతకారులు, కూలీలు దాని కథానాయకులు. జాతివిద్వేషం వల్ల ఒక పాత్రకు మామూలు సంభాషణ సైతం ఎంత కష్టమవుతుందో పాచికల లెక్కలోకే తెచ్చే నియమం ఇందులో ఉంది. భయపెట్టేవారి స్థానం, భయపడేవారి స్థానం తారుమారయ్యాయి. దీనికి 2018లో ఎన్నీ పురస్కారాలు వచ్చాయి. 2020లో రెండవ ముద్రణను కేయాసియమ్ సంస్థే ప్రచురించింది. మూలాన్ని ఖండిస్తూ మూలంలోనే చోటు సంపాదించిన రచనను అనుకరణ అనాలంటే ఆ మాటకు అర్థం మార్చుకోవాలి.

వీటిని సాహిత్యంగా గుర్తించకపోవడం వల్ల జరిగే నష్టం కేవలం గౌరవానికి సంబంధించినది కాదు. ఈ రచనల మనుగడను ప్రస్తుతం నిర్ణయిస్తున్నవి లైసెన్సు నిబంధనలు, అంతర్జాల సంస్థల వ్యాపార అవసరాలు. 2019 ఏప్రిల్ 2న గూగుల్ ప్లస్ మూతపడినప్పుడు, చిన్న ప్రచురణకర్తలు, ఆటగాళ్లు ఏళ్ల తరబడి అక్కడ పోగుచేసుకున్న చర్చలు, ముసాయిదాలు, సవరణలు దానితో పాటు పోయాయి. 2023 జనవరిలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ప్రచురణకర్త తన పాత బహిరంగ లైసెన్సును రద్దుచేయబోతున్నదన్న వార్త ఇతరులు దానిపై ఆధారపడి రాసిన గ్రంథాలన్నింటినీ ఒక్కసారి సందేహంలో పడవేసింది. ఆటగాళ్ల ప్రతిఘటన వల్ల ఆ నెల చివరికి సంస్థ వెనక్కి తగ్గి, ప్రాథమిక నియమావళిని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. భయానక క్రీడలకూ ఆ బెడద లేకపోలేదు. 2017లో మొదలైన ‘మిస్కటానిక్ రిపాజిటరీ’లో ఎవరైనా తమ ‘కాల్ ఆఫ్ క్తులూ’ సినారియోలను అమ్ముకోవచ్చు. రాబడిలో సగం రచయితది. అయితే ఆ రచనను ఆ అంగడి వెలుపల ప్రచురించే వీలు లేదు. కొత్త రచయితకు అది ద్వారం తెరిచినమాట నిజమే. దాని తాళం ఎవరి దగ్గర ఉన్నదో కూడా నిజమే.

తాళపత్రాల కోసం ఊరూరా తిరిగినవారి వారసులమని చెప్పుకొనే విభాగాలు ఈ పరిస్థితిని వేరేవారి వ్యవహారంగా చూడటం విచిత్రం. ఒక సినారియో ఎన్ని పాఠాంతరాలుగా తిరిగింది, ఆడించి చూసిన తరువాత ఏ ఆధారం తొలగించారు, ఏ గది కలిపారు, చివరి పుటలో పేర్లున్న పరీక్షాక్రీడాకారులు పాఠాన్ని ఎంతవరకు మార్చారు అన్నవి అచ్చంగా పాఠపరిష్కరణ ప్రశ్నలు. వాటికి కావలసిన సామగ్రి ఇవాళ్టికి ఇంకా రచయితల కంప్యూటర్లలో, మడతలు విరిగిన కాగితాలలో దొరుకుతున్నది. దానిని సేకరించడానికి రచయితల అనుమతి ఒక్కటే చాలదు. ఒకే అంగట్లో అమ్మవలసిన రచనకు సవ్యాఖ్యాన పరిష్కృత ప్రతి వేయాలంటే ఆ అంగడి యజమానిని అడగాలి. అలా అడిగిన విశ్వవిద్యాలయానికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఈ వ్యాసం మొదట్లో చెప్పినదే: ఇవి సాహిత్యమని మీరు ఎక్కడైనా రాశారా?